నోటుపుస్తకము సాక్షియే గాని న్యాయాధిపతి కాదు

చదువవలసిన వాక్యభాగములు: కీర్తన 139, యిర్మీయా 17 మరియు 36 అధ్యాయములు, మొదటి యోహాను 3వ అధ్యాయము.



గడచిన శ్రమదినములలో ఒక బుధవారము రాత్రి ప్రార్థనకూటము ముగిసిన తరువాత మన సంఘములోని ఒక సహోదరి మందిరపు మెట్లయొద్ద నన్ను ఆపెను. ఆమె కొంతకాలము పట్టణములో నర్సు పని నేర్చుకొని వచ్చినది. "అయ్యగారూ, ఒక మాట అడగనా? అక్కడ మాకు ఒక క్లాసులో చెప్పారు. పొద్దున్నే లేచి, మనసుకు ఏది తోస్తే అది, ఆపకుండా, దిద్దకుండా పుస్తకంలో రాసుకోమన్నారు. అలా రాస్తూ ఉంటే మనమేంటో మనకే తెలుస్తుందట. లోపలి గాయం మానుతుందట. రెండు నెలల నుంచి రాస్తున్నాను. ఇది విశ్వాసి చేయవచ్చా?" అని అడిగెను.

నాకు ఆలస్యమగుచుండెను. "మనిషి గుండెను నమ్ముకోవద్దని యిర్మీయా చెప్పలేదా అమ్మా? దాని మాటలు రాసుకునే బదులు వాక్యం చదువుకో" అని చెప్పి, మందిరమునకు తాళము వేసికొని వెళ్లిపోతిని. ఆమె "సరే అయ్యగారూ" అనెను. ఆమె సంచిలోనుండి ఆ పుస్తకపు అట్ట అంచు కనబడుచుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినది అబద్ధము కాదు. అయినను ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. రెండు నెలలు ఒంటరిగా వ్రాసికొని, ఎంత ధైర్యము తెచ్చుకొని ఆమె నన్ను అడిగెనో నేను తలంచలేదు. కావున ఈ నెల ఆ ప్రశ్ననే మీ యెదుట పెట్టి, దానికి జవాబు వెదకుచున్నాను. మన హృదయములో తోచినదానిని తోచినట్లు వ్రాసికొనుట మనలను మనకు చూపగలదా? దానివలన స్వస్థత కలుగునా?

ఉదయముననే వ్రాయు ఈ పద్ధతి ఇప్పుడు అనేక దేశములలో వ్యాపించియున్నది. 1992లో అమెరికా రచయిత్రి జూలియా కామెరాన్ ఒక పుస్తకము ప్రకటించి, ప్రతి ఉదయమున చేతితో మూడు పేజీలు వ్రాయవలెనని బోధించినది. కాని అంతరంగములోని మాటను దాచక పలుకుట ఆమెతో పుట్టినది కాదు. మన చేతులలోనున్న బైబిలు గ్రంథమే దానికి సాక్షి.

కీర్తనల గ్రంథమును తెరచి చూడుడి. పదమూడవ కీర్తనలో భక్తుడు ఇంకను ఎంతకాలమని దేవుని నాలుగు మారులు అడుగుచున్నాడు. నలువది రెండవ కీర్తనలో తన ప్రాణమునే ఎదుట నిలువబెట్టుకొని, ఏల కృంగియున్నావని ప్రశ్నించుచున్నాడు. ముప్పది రెండవ కీర్తనలో పాపమును మరుగుచేసి మౌనముగా నున్నంతకాలము తన యెముకలే క్షీణించినవనియు, ఒప్పుకొనినప్పుడు విడుదల కలిగినదనియు చెప్పుచున్నాడు. ఎనుబది యెనిమిదవ కీర్తన అయితే ఓదార్పు మాట ఒక్కటైన లేక చీకటితోనే ముగియుచున్నది. అట్టి కీర్తనను గ్రంథములోనుండి తీసివేయవలెనని మన పితరులు తలంచలేదు. మనము ప్రార్థనలో అలంకారపు మాటలు వాడుదుము గాని వారు అట్లు చేయలేదు. దేవుడు వినుచున్నాడని నమ్మినందుననే లోపల నున్నది ఉన్నట్లు చెప్పిరి.

విలాపవాక్యముల గ్రంథములో మరియొక విశేషమున్నది. హెబ్రీ భాషలో 22 అక్షరములున్నవి. మొదటి, రెండవ, నాలుగవ అధ్యాయములలో 22 వచనములు చొప్పున, ఒక్కొక్క వచనము ఒక్కొక్క అక్షరముతో వరుసగా ఆరంభమగును. మూడవ అధ్యాయములో ఒక్కొక్క అక్షరమునకు మూడేసి వచనములు చొప్పున 66 ఉన్నవి. మనము అ, ఆ, ఇ, ఈ అను వరుసలో మన ఏడ్పును కూర్చుకొన్నట్లున్నది. యెరూషలేము కాలిపోయినది. పిల్లలు వీధులలో ఆకలితో పడిపోయిరి. అంతటి దుఃఖములో నున్న మనుష్యుడు అక్షరముల వరుస పట్టుకొని ఏల వ్రాసెను? గట్టు లేని నీరు చేనును ముంచివేయును. గట్టు మధ్యను పారు నీరు చేనును తడుపును. దుఃఖమునకు కూడ ఒక గట్టు కావలెను. వ్రాత దానికి గట్టు కాగలదని నాకు తోచుచున్నది.

సంఘచరిత్రలో కూడ ఇట్టివారు అనేకులు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పయిన ఆగస్టీను సుమారు 397 మొదలు 400 వరకు తన ఒప్పుకోలు గ్రంథమును వ్రాసెను. పదునారేండ్ల వయస్సులో స్నేహితులతో కలిసి పొరుగువాని చెట్టుమీది పండ్లను దొంగిలించి పందులకు పారవేసిన సంగతిని ఆయన అందులో తవ్వి చూచెను. ఆకలి లేదు, ఇంటిలో అంతకంటె మంచి పండ్లున్నవి, అయినను ఏల దొంగిలించితిని అని తన్ను తాను విడువక ప్రశ్నించుకొనెను. ఒక సంగతి గమనింపుడి. ఆ గ్రంథమంతయు దేవునితో చెప్పిన మాటగానే నడచుచున్నది.

జాన్ వెస్లీ 1725లో ఆక్స్‌ఫర్డులో దినచర్య వ్రాయ మొదలుపెట్టెను. 1738 మే 24 రాత్రి లండనులో ఒక కూటములో ఆయన హృదయము వింతగా వెచ్చనయ్యెనని మనమందరము వినియున్నాము. కాని ఆ వెంటనే, ఇది నిజమైన విశ్వాసమైతే నీకు సంతోషమేదీ అను సందేహము పుట్టెనని కూడ ఆయనే వ్రాసికొనెను. ఆ రెండవ సంగతిని మన ప్రసంగములలో తరచుగా విడిచిపెట్టుదుము. ఆయన మాత్రము విడిచిపెట్టలేదు.

డేవిడ్ బ్రెయినార్డ్ అను యౌవనస్థుడు అమెరికాలోని ఆదివాసుల మధ్య సేవచేసి, 1747లో 29 ఏండ్లకే క్షయవ్యాధితో మరణించెను. అతని దినచర్యను జోనాతాను ఎడ్వర్డ్స్ 1749లో ప్రచురించెను. సేరంపూరులో విలియం కేరీయు తోటి మిషనరీలును దానిని ఆదరముతో చదివిరి. అందులో ఎంతో భక్తియున్నది, ఎంతో చీకటియు నున్నది. బ్రెయినార్డును ప్రేమించిన ఎడ్వర్డ్సే అతనికున్న కృంగుబాటు స్వభావము ఒక లోపమని చదువరులను హెచ్చరించెను. భక్తుడు వ్రాసినంతమాత్రమున తన్నుగూర్చి అతడు వ్రాసికొన్నదంతయు సత్యమని ఎంచరాదు.

ఈ కాలపు శాస్త్రజ్ఞులును దీనిని పరీక్షించిరి. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడును సాండ్రా బీల్ అను ఆమెయు 46 మంది కళాశాల విద్యార్థులచేత వరుసగా నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు వ్రాయించిరి. కొందరు సామాన్య సంగతులను వ్రాసిరి. కొందరు తమ జీవితములోని మిక్కిలి బాధకరమైన సంగతిని వ్రాసిరి. బాధను వ్రాసినవారికి ఆ గడియలో మనస్సు మరింత బరువెక్కెను. అయినను జరిగినదానిని, దానివలన తమకు కలిగిన భావమును రెంటిని వ్రాసినవారు తరువాతి నెలలలో వైద్యునియొద్దకు తక్కువ మారులు వెళ్లిరి. ఆ తరువాత ఇట్టి పరిశోధనలు అనేకము జరిగినవి. 2006లో 146 పరిశోధనలను ఒకచోట కూర్చి చూడగా, మేలు ఉన్నది గాని సగటున అది చిన్నదే అని తేలినది. ఏ మాటలు వ్రాసినవారికి మేలు కలిగినదో కూడ పెన్నెబేకర్ పరిశీలించెను. ఒకే మాటను తిప్పి తిప్పి వ్రాసినవారికంటె, ఇది ఏల జరిగినది, ఇప్పుడు నాకేమి తెలిసినది అని దినదినము ముందుకు నడచినవారికి ఎక్కువ మేలు కలిగెనట. గానుగెద్దు దినమంతయు నడచినను ఊరు దాటదు గదా!

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిని. ఇక నా సంగతి చెప్పుట న్యాయము.

ఆ సహోదరికి అట్టి జవాబు చెప్పిన తరువాత, తెలియని దానిని త్రోసివేసితినని నాకు సిగ్గు కలిగి, నేనును ఒక వంద పేజీల నోటుపుస్తకము కొని ఉదయముననే వ్రాయ మొదలుపెట్టితిని. ఏమి వ్రాయవలెనని ముందు అనుకొనలేదు. మొదటి దినముననే మా అన్న పేరు వచ్చెను.

నాన్న చనిపోయిన తరువాత మా అన్న నాతో చెప్పకుండ ఉమ్మడి పొలమును తాకట్టు పెట్టెను. ఆ కోపముతో మూడేండ్లు నేనతనితో మాటలాడలేదు. 2014వ సంవత్సరమున అతనికి మూత్రపిండములు చెడిపోయి మంచము పట్టెను. ఒక గురువారము వదిన ఫోను చేసి "మీ అన్న నిన్ను చూడాలంటున్నాడు బాబూ" అని చెప్పెను. ఆ ఆదివారము మా సంఘములో కోతపండుగ. "పండుగ అయిపోగానే సోమవారం వస్తాను వదినా" అంటిని. శనివారము రాత్రి అతడు ప్రాణము విడిచెను.

అప్పటినుండి నేను, ప్రభువు సేవలో నుండి కడసారి అన్నను చూడలేకపోతిని అని అందరితో చెప్పుచు వచ్చితిని. వినినవారు కన్నీళ్లు పెట్టుకొనిరి. మృతులను పాతిపెట్టుకొనుటను మృతులకు విడువుమని ప్రభువు చెప్పిన భాగముమీద ప్రసంగించినప్పుడు దీనిని ఒక ఉదాహరణగా రెండు మూడు మారులు పుల్పిటునుండియే చెప్పితిని.

మొదటి మూడు దినములు నా పుస్తకమునిండ అన్నమీది కోపమే. అతడు నన్నెట్లు మోసగించెను, వదిన ఎట్లు ఊరకుండెను, ఊరివారు ఏమనిరి! తోచినదెల్ల వ్రాసితిని. వ్రాయుచుండగా హాయిగానే యుండెను. అంతరంగపు స్వరమని లోకము చెప్పునది ఇదేయైతే, ఆ స్వరము నన్ను నిర్దోషిగా విడిచిపెట్టెను.

నాలుగవ ఉదయమున చేయి దానంతట అదే ఒక వాక్యము వ్రాసెను: కోతపండుగ లేకపోయినను నేను వెళ్లియుండెడివాడను కాను.

దానిని చూచి భయపడితిని. ఆ కాగితమును చింపి పొయ్యిలో వేసితిని. తరువాత గాని నాకు యెహోయాకీము రాజు జ్ఞాపకము రాలేదు. చలికాలములో నిప్పుల కుంపటి యెదుట కూర్చుండి, యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథమును చదివించుకొని, మూడు నాలుగు పుటలు చదువగానే చాకుతో కోసి మంటలో వేసినవాడతడు. గ్రంథము కాలిపోయెను గాని మాట కాలిపోలేదు. యిర్మీయా మరల చెప్పెను, బారూకు మరల వ్రాసెను, మరికొన్ని మాటలును చేర్చబడెను. నాకును అట్లే జరిగినది. మరుసటి దినము ఆ వాక్యమే మరల వచ్చినది, దానివెంట మరొకటియు వచ్చినది: పండుగను అడ్డము పెట్టుకొని అన్నను శిక్షించితిని.

ప్రియులారా, ఇది నిజమని నాకెట్లు తెలిసినదని అడుగుదురేమో. అది నాకు అనుకూలముగా లేదు. అది నన్ను మెచ్చుకొనలేదు. నేను వ్రాయుచుంటినని గాక నన్నెవరో చదువుచున్నారని తోచెను. 139వ కీర్తనలో భక్తుడు తన్ను పరిశోధించి తెలిసికొనుమని దేవుని వేడుకొనుట ఇందుకే గదా! నన్ను నేను వెదకుకొనుట వేరు. నన్ను వెదకుమని దేవునిని అడుగుట వేరు.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆరవ దినము నా పుస్తకములో మరియొక స్వరము వచ్చినది. నీవు వేషధారివి, సంఘకాపరిగా నుండ తగవు, నీ ప్రార్థనలన్నియు వ్యర్థము అని అది పలికెను. దానిని నమ్మి రెండు దినములు కూటములు నడపలేక పడియుంటిని. అప్పుడు మొదటి యోహాను మూడవ అధ్యాయము చదువుచుండగా నాకు వెలుగు కలిగెను. మన హృదయము మనయందు దోషారోపణ చేసినను దేవుడు మన హృదయముకంటె గొప్పవాడని అపొస్తలుడు చెప్పుచున్నాడు. అనగా నన్ను నిర్దోషిగా విడిచిన మొదటి మూడు దినముల హృదయమునకు తీర్పు తీర్చు అధికారము లేదు. నన్ను నాశనమునకు అప్పగించిన ఆరవ దినపు హృదయమునకును ఆ అధికారము లేదు. రెండును కోర్టులో నిలిచిన సాక్షులే. సాక్షి చెప్పునది వినవలసినదే, వ్రాసికొనవలసినదే. కాని తీర్పు పీఠముమీద సాక్షిని కూర్చుండబెట్టరాదు. ఆ పీఠముమీద మనకొరకు ప్రాణము పెట్టినవాడు కూర్చుండియున్నాడు.

ఈ సంగతి తెలిసికొనని వారికి నోటుపుస్తకము ఒక విగ్రహమగును. లోపలి స్వరమే దేవుని స్వరమని చెప్పు బోధను నేను ఒప్పుకొనలేను. అట్లని ఆ స్వరము నోరు మూయుమని చెప్పుటయు సరికాదు. నేను మెట్లమీద చేసినది ఆ రెండవ తప్పు.

స్వస్థత మాటకు వచ్చెదను. పుస్తకము నా గాయమును చూపినది గాని మాన్పలేదు. వచ్చిన సోమవారమున నేను బస్సెక్కి మా వదిన ఊరికి వెళ్లితిని. పండుగవలన కాదు, కోపమువలన నేను రాలేదని ఆమెతో చెప్పితిని. ఆమె బియ్యములో రాళ్లు ఏరుకొనుచుండెను. చేట దించలేదు. "నాకు తెలుసు బాబూ. ఆయనకీ తెలుసు. శుక్రవారమంతా వాకిలి వైపే చూశాడు. ఇన్నాళ్లూ నీతో చెప్పకూడదనుకున్నాను. నువ్వే నిజం చెప్పావు గనక నేనూ చెప్పాను" అనెను. కొంతసేపటికి, "లేచి కాళ్లు కడుక్కో, అన్నం తిందువు గాని" అనెను.

ఆ మాట నన్ను కోసినది. ఇప్పటికిని నొప్పిగానే యున్నది. కాని అది కుళ్లిన పుండు నొప్పి కాదు, కడిగిన పుండు నొప్పి. తరువాతి ఆదివారము ఏ పుల్పిటునుండి ఆ ఉదాహరణ చెప్పితినో అక్కడనుండియే అది నిజము కాదని సంఘమునకు ఒప్పుకొంటిని. మీలో అనేకులు ఆ దినము అక్కడ నుంటిరి.

ఇక వ్రాయ గోరువారికి కొన్ని మాటలు. మొదట, ఓ ప్రభువా అని ఆరంభింపుడి, అప్పుడు మీతో మీరే గాక వినువానితో మాటలాడుదురు. పదిహేను ఇరువది నిమిషములు చాలును. దిద్దవద్దు, దాచవద్దు. ముగించిన తరువాత వాక్యము చదివి, ఆ వెలుగులో మీరు వ్రాసినదానిని చూడుడి. వ్రాసినది ఎవరినైన క్షమించుటకో, క్షమాపణ అడుగుటకో, అప్పు తీర్చుటకో మిమ్మును నడిపించినయెడల అది మంచి ఫలము. నెలలు గడచినను ఒకే పగను, ఒకే నిందను మరల మరల వ్రాయుచున్నయెడల పుస్తకము మూసివేసి, నమ్మకమైన ఒక మనుష్యునితో చెప్పుడి. చనిపోవలెనను తలంపు వచ్చినయెడల ఒక్క దినమైనను ఒంటరిగా నుండక ఇంటివారితో చెప్పి వైద్యునియొద్దకు వెళ్లుడి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సహాయమునకు 14416 నంబరుకు ఫోను చేసి మన తెలుగులోనే మాటలాడవచ్చును. వైద్యునియొద్దకు వెళ్లుట విశ్వాసలోపము కాదు.

భర్తలారా, తల్లిదండ్రులారా, ఇంటిలో ఒకరు వ్రాసికొనిన పుస్తకమును మీరు తెరువవద్దు. అది వారికిని దేవునికిని మధ్య జరుగు మాట.

మరి అక్షరములు రానివారి సంగతి ఏమి? మన సంఘములోని ఒక ముసలి తల్లిని ఈ సంగతి అడిగితిని. "నాకు రాతెక్కడొచ్చయ్యా? కలుపు తీసొచ్చి గట్టు మీద కూకుని ఆయనతో అన్నీ చెప్పుకుంటా. కోపమొస్తే కోపమే చెప్తా. చెప్పినాక లేచి, ఎవరితో పోట్లాడానో ఆళ్లింటికి పోతా" అనెను. నేను ఇన్ని పేజీలు నింపి నేర్చుకొన్నది ఆమె ఒక్క పేజీయైన లేకుండ నేర్చుకొనియున్నది.

గత వారము ఆ సహోదరి ఇంటికి వెళ్లి, ఆ రాత్రి నేను తొందరపడి మాటలాడితిని, క్షమింపుమని అడిగితిని. ఆమె పుస్తకములో ఏమున్నదో నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. "మళ్లీ రాయనా అయ్యగారూ?" అని మాత్రము అడిగెను. "రాయమ్మా. రాసింది ఆయనకు చదివి వినిపించు" అంటిని.

హృదయములను పరిశోధించు దేవుడు మనము దాచినదానిని మనకు చూపి, చూపినదానిని తన రక్తముచేత కడిగి, కడుగబడినవారిని ఒకరియింటికి ఒకరిని పంపును గాక. ఆమేన్.